వట్టివేళ్ల తడిక, రాగి గొట్టం: గోదావరి డెల్టాలో చల్లదనం చరిత్ర

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలి సముద్రం వైపు సాగే నేలలో వేసవికి రెండు రూపాలున్నాయి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా, ముఖ్యంగా రోహిణి కార్తెలో, పడమటి నుంచి వీచే పొడి గాలి మెట్ట భూముల మీదుగా వేడెక్కి వచ్చి రాజమహేంద్రవరం, నిడదవోలు, తాడేపల్లిగూడెం పరిసరాలను వడగాడ్పులతో మాడ్చివేస్తుంది. ఆ పడమటి గాలి ఆగిపోయి సముద్రం మీది తేమ లోపలికి వచ్చినప్పుడు, లేదా తొలకరి జల్లులు ఒకసారి కురిసి మళ్లీ ఎండ కాసినప్పుడు, ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తగ్గినా ఒంటి మీది చెమట ఆరని స్థితి వస్తుంది. దానినే ఇక్కడి వారు ఉక్కపోత అంటారు. వడగాడ్పుకు పనికివచ్చిన ఉపాయం ఉక్కపోతకు పనికిరాదు. ఈ ప్రాంతపు ఇళ్ల నిర్మాణాన్నీ, వేసవి ఆచారాలనూ, తర్వాతి కాలంలో వచ్చిన యంత్రాల వాడకాన్నీ పరిశీలించేవారికి ఈ తేడా అడుగడుగునా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో బొమ్మలను లెక్కగట్టి తెర మీదికి పంపే ప్రత్యేక పలక అయిన గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు ఈ డెల్టాలోని పెళ్లి వీడియోల స్టూడియోల్లోకి, ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లోకి, విద్యార్థుల గదుల్లోకి చేరింది. దానిని చల్లగా ఉంచడం ఎలాగన్న ప్రశ్నను కొత్త సమస్యగా భావించడం సహజమే అయినా, దాని సమాధానంలో ఎక్కువ భాగం ఈ నేల ఏనాడో నేర్చుకున్నదే.

డెల్టాలోని పాత సంపన్న గృహాల్లో పేరెన్నికగన్నది మండువా లోగిలి. నాలుగు వైపులా గదులు, వాటి ముందు వసారాలు, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న చదరపు ఖాళీ, ఆ ఖాళీలోకి నాలుగు దిక్కుల నుంచీ వాలిన పెంకుల కప్పు, దానిని మోసే చెక్క స్తంభాలు ఈ ఇంటి లక్షణాలు. వానాకాలంలో కప్పు మీది నీరు మండువాలోకి జారి తూము గుండా బయటికి పోతుంది. వేసవిలో అదే ఖాళీ మరొక పని చేస్తుంది: గదుల్లో వేడెక్కి తేలికైన గాలి దాని గుండా పైకి లేచిపోగా, ఆ లోటును పూడ్చడానికి వీధి అరుగు మీది నీడలో నుంచి, పెరటి చెట్ల కింది నుంచి కాస్త చల్లనైన గాలి గుమ్మాల గుండా లోపలికి వస్తుంది. వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరుసలో ఉండే ఇళ్లలో ఈ గాలికి అడ్డు ఉండదు. మందపాటి గోడలు పగటి వేడిని తమలో దాచుకొని ఆలస్యంగా లోపలికి వదులుతాయి కాబట్టి, ఆ వేడి గదిలోకి చేరే వేళకు సాయంత్రం పైరగాలి మొదలై, ఇంటివారు మంచాలు ఆరుబయట వేసుకొని ఉంటారు. ఇంతటి ఇల్లు కట్టుకోలేని వారికి తాటాకు కప్పే ఆధారమయింది. ఎండను ఆపడంలో తాటాకు పెంకు కంటే మేలైనదే గాని, నిప్పురవ్వ పడితే వీధి వీధంతా కాలిపోయే భయం వేసవి పొడుగునా వెన్నంటి ఉండేది.

మండువా లోగిలి గాలిని కదిలించి వేడిని పంపిస్తుంది. గాలిని నిజంగా చల్లబరచే పని నీటిది. మట్టికుండ గోడలో కంటికి కనిపించని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతూ, ఆవిరి కావడానికి అవసరమైన వేడిని కుండలోని నీటి నుంచే తీసుకుంటుంది. ఒక లీటరు నీరు సాధారణ ఉష్ణోగ్రతలో పూర్తిగా ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి పట్టే వేడికి ఇది 8 రెట్లు. కుండ కింద ఇసుక పోసి, ఆ ఇసుకను తడిపి, చుట్టూ తడిగుడ్డ కట్టే అలవాటు వెనుక ఉన్నది ఈ గుణమే. వట్టివేళ్లతో అల్లిన తడికలను కిటికీలకు, గుమ్మాలకు వేలాడదీసి నీళ్లు చల్లినప్పుడు, వాటి గుండా వచ్చే పడమటి గాలి తన వేడిని నీటికి ఇచ్చి, తేమనూ సువాసననూ తీసుకొని గదిలోకి వచ్చేది. శ్రీరామనవమికి పానకం, వడపప్పులతో పాటు తాటాకు విసనకర్రలు పంచడం, వైశాఖమాసంలో నీళ్లకుండ దానం చేయడం, దారి పక్కన పందిరి వేసి చలివేంద్రం పెట్టడం చల్లదనాన్ని సొంత ఆస్తిగా కాక పదిమందికీ అందవలసిన వస్తువుగా చూసిన ఆచారాలు. ఈ ఆచారాల్లోని దయకు దక్కవలసినంత గౌరవం చరిత్ర రచనలో దక్కలేదు.

నీటితో చల్లబరచడానికి ఒక హద్దు ఉంది. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకాన్ని గాలిలో పెడితే అది చూపే అంకెను తడి ఉష్ణోగ్రత అంటారు. నీరు ఆవిరి కావడం ద్వారా ఏ వస్తువునైనా అంతవరకే చల్లబరచవచ్చు, అంతకంటే కిందికి దించడం సాధ్యం కాదు. ఎండ 43 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతమే ఉన్న మే నెల మధ్యాహ్నం తడి ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే తడిక గుండా వచ్చే గాలి, లెక్క ప్రకారం, 18 డిగ్రీల దాకా చల్లబడే వీలుంది. ఎండ 36 డిగ్రీలకు తగ్గి తేమ 60 శాతానికి పెరిగిన ఉక్కపోత రోజున తడి ఉష్ణోగ్రత 29 డిగ్రీలకు పైగా ఉంటుంది కాబట్టి తగ్గే అవకాశం 7 డిగ్రీల లోపే, పైగా గదిలో చేరిన తేమ వల్ల చెమట ఆరడం మరింత కష్టమవుతుంది. అందుకే తడికలు వడగాడ్పుల రోజుల్లో వేలాడి, తొలకరితో పాటు అటక ఎక్కేవి. ఉక్కపోత రోజులకు మిగిలింది విసనకర్ర ఒక్కటే.

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేల రూపురేఖలను మార్చింది. కాలువలు, వరిచేలు, గట్ల మీది తాటిచెట్లు, కోనసీమ కొబ్బరితోటలు కలిసి నేడు డెల్టా అనగానే కళ్లముందు కదిలే పచ్చదనాన్ని తెచ్చాయి. అయినా దాళ్వా, అంటే రబీ వరి పంట, చేతికి వచ్చాక, ఏప్రిల్‌లో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేస్తారు. తిరిగి జూన్‌లో గాని నీరు వదలరు. అంటే ఎండ అత్యంత తీవ్రంగా ఉండే వారాల్లోనే డెల్టా చేలు ఎండి నెర్రెలు విచ్చి ఉంటాయి. కంపెనీ పాలనలోనూ, 1859లో గోదావరి జిల్లా ఏర్పడిన తర్వాతా, కచేరీల్లో, దొరల బంగళాల్లో కప్పు నుంచి వేలాడే గుడ్డ పంకాలు ఊగుతుండేవి. వాటి తాడు లాగే మనిషి గది బయట వసారాలో కూర్చొని గంటల తరబడి ఆ పని చేసేవాడు. లోపలివారి చల్లదనం కోసం బయట ఒకరు వేడిలో ఉండడమన్న ఏర్పాటు ఇక్కడ మొదటిసారి ఉద్యోగంగా మారింది, ఆ ఉద్యోగికి పేరు మాత్రం రికార్డుల్లో మిగలలేదు.

మంచు కథ మరొక దారిలో నడిచింది. అమెరికా వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ ప్రాంతపు చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి, రంపపు పొట్టులో పొదిగి ఓడల్లో 1833లో కలకత్తాకు పంపాడు. 1842 నాటికి మద్రాసు సముద్రతీరాన దానిని దాచే ఐస్ హౌస్ లేచింది, ఇప్పుడు వివేకానంద భవనంగా ప్రసిద్ధమైనది అదే. 1874లో మద్రాసులో ఆవిరి యంత్రంతో మంచు తయారుచేసే కంపెనీ ఏర్పడ్డాక ఓడల వ్యాపారం క్షీణించింది. డెల్టాలో మంచు విలాసవస్తువుగా మొదలై, క్రమంగా సోడా దుకాణానికీ, ఆపైన చేపల వ్యాపారానికీ చేరింది. భీమవరం, ఆకివీడు, కాకినాడ ప్రాంతాల ఐసు కర్మాగారాల్లో అమ్మోనియాను యంత్రంతో నొక్కి ద్రవంగా మారుస్తారు; అది తిరిగి ఆవిరయ్యేటప్పుడు ఉప్పునీటి తొట్టెలను గడ్డకట్టే స్థాయి కంటే కిందికి చల్లబరుస్తుంది; ఆ తొట్టెల్లో దించిన డబ్బాల్లోని మంచినీరు దిమ్మగా గడ్డకడుతుంది. 1990ల తర్వాత రొయ్యల సాగు విస్తరించడంతో ఈ దిమ్మలను పొడికొట్టి పెట్టెల్లో నింపడం ఒక పెద్ద పరిశ్రమకు ఆయువుపట్టయింది. కుండలో నీరు ఆవిరై గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ అమ్మోనియా ఒకే గొట్టాల వలయంలో ఆవిరవుతూ, మళ్లీ ద్రవమవుతూ తిరుగుతుంది. ఈ మూసిన వలయమే ఆ తర్వాత ఫ్రిజ్‌లో, ఏసీలో ప్రధాన సూత్రమయింది.

ఏసీ సామర్థ్యాన్ని నేటికీ టన్నుల్లో లెక్కించడం ఈ మంచు వ్యాపారపు గుర్తు. ఒక అమెరికన్ టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరిగేటప్పుడు పీల్చుకొనే వేడికి సమానమైన సామర్థ్యం ఒక టన్ను; విద్యుత్ కొలతల్లో చెబితే అది దాదాపు 3,500 వాట్లు. ఈ అంకె గ్రాఫిక్స్ కార్డు ప్రస్తావనలో మళ్లీ అవసరమవుతుంది.

విద్యుత్తు రాజమహేంద్రవరానికి, అంటే నాటి రాజమండ్రికి, ఒక ప్రైవేటు కంపెనీ ద్వారా వచ్చింది. 1920లలో ఏర్పడిన రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ పట్టణానికి కరెంటు అందించింది. ఆ సంస్థను స్వాధీనం చేసుకోవడానికి మద్రాసు ప్రభుత్వం 1949లో చేసిన చట్టం అటువంటి కంపెనీ విషయంలో చెల్లదని సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పు రాజ్యాంగ న్యాయంలోనూ, దాని నిర్వహణ లోపాల మీద 1950ల నడుమ నడిచిన మరొక వ్యాజ్యం కంపెనీ న్యాయంలోనూ నేటికీ ఉదహరించబడుతున్నాయి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైన తర్వాత కోస్తా జిల్లాలకు కరెంటు విస్తరించింది. సీలింగ్ ఫ్యాన్ వచ్చిన ఇంట్లో పంకా తాడు లాగే మనిషి అవసరం తీరిపోయింది, తడిక అల్లేవారి గిరాకీ తగ్గింది. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది మాత్రమే; అయినా ఉక్కపోతలో చెమటను ఆర్పగలిగేది ఆ కదలికే కాబట్టి డెల్టాకు అది తడిక కంటే సరిపడిన సాధనమయింది. కాంక్రీటు మేడలు పెరిగి మండువా మూసుకుపోయాక, పగలంతా కాగిన డాబా కింద ఫ్యాన్ వేడిగాలినే తిప్పుతుండడం వల్ల కూలర్లు, వాటి వెనుక ఏసీలు వచ్చాయి. వాటిని కొనలేనివారి మీదా, ఆరుబయట పని మానలేనివారి మీదా వేసవి తన కాఠిన్యాన్ని చూపుతూనే ఉంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా మరణించారు, వారిలో కూలీలు, వృద్ధులు ఎక్కువ.

ఏసీ మనుషుల కోసం పుట్టినది కాదు. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి దానిని రూపొందించినప్పుడు, తేమకు కాగితం సాగి రంగులు పక్కకు జరగకుండా ఆపడమే ఉద్దేశం. కంప్యూటర్‌ను కూడా మొదట్లో అటువంటి గదుల్లోనే ఉంచారు. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 1960లో పని మొదలుపెట్టిన కంప్యూటర్ టిఫ్రాక్‌లో వాక్యూం ట్యూబులు 2,700 దాకా ఉండేవి. ఒక్కొక్క ట్యూబు లోపల తీగ ఎర్రగా కాలితేనే పనిచేసేది గనుక గదిని ఎప్పుడూ చల్లబరచవలసి వచ్చేది. ఆ తర్వాతి తరం యంత్రాలతో గోదావరి డెల్టాకు నేరుగా సంబంధముంది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్ స్థాపనకు సారథ్యం వహించారు. 1969లో వెలువడిన టీడీసీ-12 దేశీయంగా తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటి. ట్యూబుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చినా శీతల గది అవసరం తప్పలేదు, ఎందుకంటే అర్ధవాహకంలో వేడి పెరిగే కొద్దీ అవాంఛిత విద్యుత్ ప్రవాహం పెరిగి, ఆ ప్రవాహం మళ్లీ వేడిని పుట్టిస్తుంది.

పర్సనల్ కంప్యూటర్ వచ్చాక గదిని చల్లబరిచే బదులు యంత్రం లోపలే చిన్న ఫ్యాను అమర్చడం మొదలయింది. 2002 ప్రాంతంలో పశ్చిమగోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు మండలాల్లో తెరుచుకొని, వాటిలో చాలావాటిని స్వయం సహాయక సంఘాల మహిళలు నడిపిన నాటికి కంప్యూటర్ ఏసీ గదిని వదిలి పల్లె దాకా నడిచివచ్చింది. ఆ యంత్రాల్లో బొమ్మలు గీసే చిప్‌కు లోహపు రెక్కల పలక ఒకటి, అంటే హీట్ సింక్, అంటించి ఉంటే సరిపోయేది. చాలావాటికి అదీ లేదు. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256ను విడుదల చేసి దానికి జీపీయూ అన్న పేరు పెట్టి ప్రచారం చేసిన తర్వాత ఈ చిప్‌ల పని, వాటితో పాటు వేడి, వేగంగా పెరిగాయి. 2003 నాటి జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా తన ఫ్యాన్ మోతకు అపకీర్తి పాలయింది. మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ గాడి ఇవ్వగల విద్యుత్తు 75 వాట్లే కావడంతో కార్డులకు విడిగా తీగలు కలపవలసి వచ్చింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 పరిమితి 450 వాట్లు, 2025లో వచ్చిన 5090 పరిమితి 575 వాట్లు. తీసుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది కాబట్టి, 450 వాట్ల కార్డు రోజంతా ఆగకుండా పనిచేస్తే 116 కిలోల మంచును కరిగించేంత వేడి పుడుతుంది.

ఇంత వేడిని అరచేతి కంటే చిన్న చిప్ నుంచి రెక్కల దాకా చేర్చడానికి లోహపు దిమ్మ ఒక్కటే చాలదు. అక్కడ మళ్లీ నీరే పనికివచ్చింది. హీట్ పైపు అనేది గాలి తీసివేసి, కొద్దిగా నీరు ఉంచి, రెండు కొనలూ మూసిన రాగి గొట్టం. దాని లోపలి గోడకు సన్నని రంధ్రాల పొర ఉంటుంది. చిప్ వైపు కొనలో నీరు ఆవిరై, ఆ ఆవిరి చల్లని కొనకు పరుగెత్తి, అక్కడ రెక్కలకు వేడిని ఇచ్చి తిరిగి నీరై, రంధ్రాల పొర గుండా వెనక్కి పాకుతుంది. లోపల గాలి లేనందువల్ల నీరు 100 డిగ్రీల దాకా ఆగకుండా తక్కువ వేడికే ఆవిరవుతుంది. 1940లలోనే పేటెంటు పొందిన ఈ ఆలోచనను 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ అంతరిక్ష అవసరాల కోసం ఆచరణలోకి తెచ్చాడు. మట్టికుండ గోడలో నీరు ఊరిన సన్నని దారులకూ, ఈ రాగి గోడలోని పొరకూ పని ఒకటే. తేడా ఫలితంలో ఉంది: కుండలోని నీరు గాలిలో కలిసిపోతుంది గనుక కుండ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా మారగలదు, గొట్టంలోని నీరు ఎక్కడికీ పోదు గనుక హీట్ పైపు వేడిని మోస్తుందే తప్ప చుట్టూ ఉన్న గాలి కంటే చిప్‌ను ఎన్నటికీ చల్లగా చేయలేదు. నీటిని పంపుతో తిప్పే లిక్విడ్ కూలర్ విషయమూ అంతే. దాని రేడియేటర్ కూడా గది గాలికే వేడిని అప్పగిస్తుంది.

డెల్టాలో గ్రాఫిక్స్ కార్డు వేడి గురించిన ఆలోచన మొదలు కావలసింది ఈ హద్దు దగ్గరే. ఫ్యాన్ వేగం, పని భారం మారనంతవరకు కార్డు ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కంటే దాదాపు స్థిరమైన అంతరంతో పైన నిలుస్తుంది. ఆ అంతరం 45 డిగ్రీలు అనుకుంటే, 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచే కార్డు మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల మేడగదిలో 85కు చేరుతుంది. చాలా కార్డులు 83 నుంచి 90 డిగ్రీల నడుమ ఒక హద్దు దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకొనేలా తయారవుతాయి కాబట్టి అది వెంటనే కాలిపోదు. కాని పెళ్లి వీడియో సిద్ధం కావడానికి పట్టే సమయం పెరుగుతుంది, ఫ్యాన్ మోత పెరుగుతుంది, మెమరీ చిప్‌ల ఆయుష్షు తగ్గుతుంది. చల్లని దేశాల పరీక్షాగారాల్లో 20 నుంచి 25 డిగ్రీల గదిలో తీసిన అంకెలను చూసి కార్డు కొనే వ్యక్తి రాజమహేంద్రవరంలో ఆ అంకెలకు 15 డిగ్రీలు కలుపుకోవలసి ఉంటుంది.

కార్డు మీది కూలర్‌ను మార్చడానికి ముందు క్యాబినెట్ గుండా గాలి నడిచే దారిని సరిచేయడం ఎక్కువ ఫలితమిస్తుంది. ముందు నుంచి, కింది నుంచి గాలి లోపలికి రావాలి, వెనుక నుంచి, పై నుంచి బయటికి పోవాలి. మండువా ఇల్లు కట్టిన మేస్త్రీకి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. ముందు భాగమంతా అద్దంతో మూసిన క్యాబినెట్ అందంగా కనిపించినా డెల్టా వేసవికి తగదు. జాలీ ముఖం ఉన్నది తగుతుంది. రెండు, మూడు ఫ్యాన్లతో పెద్ద రెక్కలున్న కార్డులు నెమ్మదిగా తిరుగుతూ బాగా చల్లబడతాయి గాని తమ వేడిని క్యాబినెట్ లోపలే వదులుతాయి, కాబట్టి దానిని బయటికి పంపే ఫ్యాన్లు విడిగా ఉండాలి. ఒకే బ్లోయర్‌తో వేడిగాలిని వెనుక సందుల గుండా నేరుగా బయటికి తోసే కార్డు మోత ఎక్కువ చేసినా, ఒకే పెట్టెలో రెండు మూడు కార్డులు పక్కపక్కనే ఉండే చోట అదే నయం. గోడకు ఆనించిన బల్ల కింది అరలో క్యాబినెట్‌ను ఇరికిస్తే బయటికి వచ్చిన వేడి మళ్లీ లోపలికే వెళుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన కూలరైనా వృథా.

నీటి కూలర్‌ను కంప్యూటర్ గదిలో పెట్టడం గురించి తడికల అనుభవమే దారి చూపుతుంది. పొడి పడమటి గాలి ఉన్న మే నెలలో, కిటికీ తెరిచి తేమగాలికి బయటి దారి ఇచ్చినప్పుడు అది గదిని నిజంగానే చల్లబరుస్తుంది, యంత్రానికీ మేలు చేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 450 వాట్ల కార్డు గంటన్నరలో పుట్టించే వేడి దానితో పాటు పోతుంది. జూన్ తర్వాత ఉక్కపోతలో, తలుపులు మూసిన గదిలో అదే కూలర్ తేమను పోగుచేయడం తప్ప చేసేదేమీ లేదు. కాకినాడ, నరసాపురం, అంతర్వేది వంటి తీరప్రాంతాల్లో ఆ తేమకు ఉప్పు కూడా తోడవుతుంది కాబట్టి ఇనుప మరలు తుప్పు పట్టి, పూతలేని రాగి నల్లబడుతుంది. నికెల్ పూత ఉన్న హీట్ పైపులు అక్కడ ఎక్కువ కాలం నిలుస్తాయి. తీరం దగ్గర వర్షాకాలపు గాలిలో 26 డిగ్రీల దగ్గరే మంచు పట్టే రోజులుంటాయి, అంటే అంతకంటే చల్లనైన ఏ లోహం మీదనైనా నీటిబొట్లు పేరుకుంటాయి. చిప్‌ను గది గాలి కంటే చల్లగా చేస్తామనే విద్యుత్ శీతలీకరణ పలకలు ఇక్కడ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. ఏసీ గదిలో ఆ చిక్కు తగ్గుతుంది, ఎందుకంటే ఏసీ గాలిలోని తేమను తన చల్లని గొట్టాల మీద నీటిబొట్లుగా మార్చి బయటికి కారుస్తుంది. కార్డుతో పాటు ప్రాసెసర్, మానిటర్ కలిసి 700 వాట్లు తీసుకొనే యంత్రం ఒక టన్ను ఏసీ సామర్థ్యంలో ఐదో వంతును తానే వాడుకుంటుందన్న లెక్క మాత్రం కొనేముందే వేసుకోవాలి.

ధూళి విషయంలో ఈ ప్రాంతానికి తనదైన ఇబ్బంది ఉంది. మండపేట, తాడేపల్లిగూడెం వంటి బియ్యపు మిల్లుల పట్టణాల్లో గాలిలో తేలే ఊక, దానిని కాల్చిన బూడిద హీట్ సింక్ రెక్కల మధ్య చేరి, తేమతో కలిసి గట్టిపడతాయి. లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు బయటికి పంపేవాటి కంటే కాస్త ఎక్కువ గాలి తోసేలా ఏర్పాటు చేసి, వాటి ముందు కడగగలిగే జాలీలు పెడితే సందుల గుండా చొరబడే దుమ్ము తగ్గుతుంది. చిప్‌కూ లోహానికీ మధ్య సన్నని సందును పూడ్చే థర్మల్ పేస్ట్ కొన్నేళ్లకు ఎండి పక్కకు జరుగుతుంది. చిప్ అంచు ఉష్ణోగ్రతకూ, చిప్‌లో అతి వేడి బిందువు ఉష్ణోగ్రతకూ మధ్య తేడా ఏటికేడాది పెరుగుతుంటే దానిని మార్చే వేళ వచ్చినట్టు. వేడి గదుల్లో నూనె ఎండిపోయే మామూలు బేరింగుల కంటే బాల్ బేరింగుల ఫ్యాన్లు మన్నుతాయి.

ఖర్చు లేని ఉపాయం మరొకటి ఉంది, దాని విలువ ఇంకా చాలామందికి తెలియలేదు. చిప్‌కు అందే వోల్టేజీని కొద్దిగా తగ్గించి అదే వేగంతో నడపడాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. వోల్టేజీ వర్గంతో పాటు విద్యుత్ వినియోగం మారుతుంది కాబట్టి 10 శాతం తగ్గింపు వినియోగాన్ని దాదాపు ఐదో వంతు తగ్గించగలదు. విద్యుత్ పరిమితిని ఒక మెట్టు దించడం అంతకంటే సులభం, దానివల్ల పోయే వేగం పోయిన వేడి కంటే సాధారణంగా చాలా తక్కువ. కరెంటు కోతల వేళ ఇన్వర్టర్ మీద పనిచేసే స్టూడియోకు దీనివల్ల బ్యాటరీ కూడా కలిసివస్తుంది. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోనూ, కాకినాడ, భీమవరం, రాజమహేంద్రవరం ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ కృత్రిమ మేధ పాఠాలు చదివే విద్యార్థులు గంటల తరబడి కార్డులను నడిపి తమ నమూనాలకు శిక్షణ ఇస్తున్నప్పుడు, కార్డు నిర్విరామంగా పూర్తి భారం మీద ఉంటుంది. ఆటల్లో లాగా మధ్యమధ్య విశ్రాంతి దొరకదు. అటువంటి పనిని పగటి ఎండలో కాక రాత్రి పదింటి తర్వాత, బయటి గాలి చల్లబడే వేళకు మళ్లించి, కిటికీలు తెరిచి ఉంచితే గది కొన్ని డిగ్రీలు దిగుతుంది, కార్డు కూడా అన్నే డిగ్రీలు దిగుతుంది.